చేప జిగురులో క్యాన్సర్ మందు: ఇంట్లో అడిగితే మనం ఏం చెప్పాలి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు, పూర్వ విద్యార్థినులు మామూలుగా రాసేదే రాద్దామనుకున్నాను. ట్రంకు పెట్టెలు, నీళ్ళ పప్పుచారు, స్టడీ అవర్లో కునికిపాట్లు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇక్కడే ఉన్నదాన్ని, ఆ జ్ఞాపకాలకు నా దగ్గర కొదవ లేదు. కానీ పోయిన ఏడాది మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. అది సైన్సుకు సంబంధించింది. అంతకంటే ఎక్కువగా, ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న మనలాంటి పిల్లలకు సంబంధించింది. అందుకని అదే రాస్తున్నాను. అక్కలూ చెల్లెళ్ళూ ఓపిగ్గా చదవాలని మనవి.

మాది భీమవరం దగ్గర చెరువుల ఊరు. నాన్న పట్టుబడి కూలీ. తెల్లవారుజామున చెరువులో దిగి వల లాగడం, ఐసు వేసి చేపలు సర్ది లారీ ఎక్కించడం ఆయన పని. అమ్మా, పెద్దమ్మా సంతలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఎం.ఎస్సీ. జువాలజీ. మొదట చదువుకున్న వాళ్ళకు ఒక చిక్కుంది, మీకూ తెలిసే ఉంటుంది. కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, మందుల చీటీ, ఆధార్‌లో తప్పు పడిన పేరు, అన్నీ మననే అడుగుతారు. మనం చదివింది కప్ప జీర్ణవ్యవస్థ అయినా సరే. "తెలియదు" అంటే వాళ్ళు నమ్మరు. అలా అనడానికి మనకూ నామోషీ.

పెద్దమ్మ రొమ్ములో గడ్డ ఉందని ముందు నాకే చెప్పింది. "మగోళ్ళకు చెప్పే మాట కాదమ్మా, నువ్వు సదూకున్నదానివి గదా" అంది. పరీక్షలు చేయించాం. క్యాన్సర్ అన్నారు. అందులోనూ హార్మోన్ మాత్రలకు లొంగని రకం, ట్రిపుల్ నెగెటివ్ అంటారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద (పథకం పేరు మారినా మావాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు) కీమో మొదలైంది. మూడు వారాలకొకటి. మూడు అయ్యేసరికి జుట్టు రాలిపోయింది, నోరంతా పూసింది, కత్తిపీట ముందు గంట కూర్చోలేకపోయింది. సరిగ్గా అప్పుడు పక్కింటి అన్నయ్య ఒక పేపరు ముక్క తెచ్చిచ్చాడు. పైన తిలాపియా బొమ్మ, కింద పెద్దక్షరాల్లో చేపతో క్యాన్సర్‌కు చెక్ అని. మా వైపు తిలాపియాను జిలేబి చేప అంటారు. చెరువులో వద్దన్నా పెరిగే చేప. బొచ్చె, శీలావతి ఉన్న చోట దాని ముఖం ఎవరూ చూడరు.

పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏమ్మా, జిలేబి చేపలో మందుందంట. నిజమేనా?"

నేను ఆ నెలలోనే మా డిపార్టుమెంటులో ఇదే విషయం మీద సెమినార్ ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. ఆ ఊపు ఇంకా దిగలేదు. "నిజమే పెద్దమ్మా, తైవాన్‌లో కనిపెట్టారు. నీకొచ్చిన రకం క్యాన్సర్ కణాల మీదే పనిచేసింది" అన్నాను. ఇంకా ఏదో చెబుదామనుకున్నాను. బస్సు వచ్చింది, ఫోన్ పెట్టేశాను.

నేను చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ నిజం విని పెద్దమ్మ రెండు కీమోలు మానేసింది. ఆరు వారాలు రోజూ జిలేబి చేప పులుసు పెట్టుకు తింది. నేను సెలవులకు వెళ్ళేదాకా నాకు తెలియదు. అప్పటికి గడ్డ చేతికి మళ్ళీ గట్టిగా తగులుతోంది.

ఆ రోజు ఫోన్‌లో చెప్పాల్సినదంతా ఇప్పుడు రాస్తాను. మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు.

చేప నీళ్ళలో బతుకుతుంది. ఆ నీళ్ళలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు. మన చర్మం పొడిగా, మందంగా ఉంటుంది. చేపకు ఆ రక్ష లేదు. మరి చెరువులో చేప కుళ్ళిపోకుండా ఎలా ఉంటోంది? అమ్మ చేప తోమేటప్పుడు బూడిద పెట్టి రాయికేసి రుద్దుతుందే, ఆ జిగురు కోసం. అందులో ఉంది కొంత జవాబు. ఆ జిగురులో, చర్మంలో, మొప్పల్లో చిన్న చిన్న ప్రోటీను ముక్కలుంటాయి. వాటినే పెప్టైడ్‌లు అంటారు. అమైనో ఆమ్లాలనే పూసలను ఇరవయ్యో ముప్పయ్యో గుచ్చిన దండ అనుకోండి. సూక్ష్మజీవి తగిలితే దాని పొరను చీల్చి చంపేస్తాయి. 1987లో మైకేల్ జాస్లాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆపరేషన్ చేసిన కప్పలను మురికి నీళ్ళ తొట్టిలో వదిలినా వాటి గాయాలు చీము పట్టడం లేదేమిటని ఆలోచించి, కప్ప చర్మంలో ఇలాంటివి కనిపెట్టారు. చేపల వంతు తర్వాత వచ్చింది. 1997లో వింటర్ ఫ్లౌండర్ అనే బల్లపరుపు సముద్రపు చేప జిగురులో 25 పూసల ప్లూరోసిడిన్ దొరికింది. 2001లో చారల బాస్ చేప కణాల్లో పిసిడిన్ దొరికింది. పెద్దమ్మ పేపరులో చూసిన తిలాపియా పెప్టైడ్ ఈ పిసిడిన్ కుటుంబంలోదే. దాన్ని టీపీ4 అంటారు.

వీటిలో నాకు బాగా నచ్చిన కథ ఎర్ర సముద్రపు చేపది. దాన్ని మోషే చేప అంటారు. మోషే సముద్రాన్ని రెండుగా చీల్చినప్పుడు మధ్యలో ఉన్న ఈ చేప కూడా రెండు పలకలై ఇలా పల్చగా మిగిలిందని ఆ ప్రాంతపు కథ. ఆదివారం చర్చికి వెళ్ళే చెల్లెళ్ళు నవ్వుకుంటారేమో. 1970లలో యూజీనీ క్లార్క్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ చేపను పట్టుకుంటే రెక్కల మొదట్లో నుంచి పాలలాంటి ద్రవం కారింది. సొరచేప ముందు ఈ చేపను పెట్టి చూశారు. కొరకబోయిన సొర నోరు తెరిచింది తెరిచినట్టే ఉండి, మూయలేక, తల విదిలించుకుంటూ పారిపోయింది. ఆ పాలలో ఉన్న ఒక విషం పేరు పార్డాక్సిన్. 33 పూసల దండ.

సొరను తరిమే విషానికి, క్యాన్సర్‌కు ఏమిటి సంబంధం? ఇక్కడే అసలు విషయం ఉంది. మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో చేసిన రెండు వరసల పొర ఉంటుంది. ఆ కొవ్వుల్లో ఋణావేశం ఉన్న ఒక రకాన్ని ఆరోగ్యంగా ఉన్న కణం లోపలి వరసలోనే దాచుకుంటుంది. క్యాన్సర్ కణంలో ఈ కట్టుబాటు సడలి, ఆ కొవ్వు బయటి వరసకు వచ్చేస్తుంది. చేప పెప్టైడ్‌లలో ఎక్కువ వాటికి ధనావేశం ఉంటుంది. కాబట్టి క్యాన్సర్ కణానికి ఎక్కువగా, మంచి కణానికి తక్కువగా అతుక్కుంటాయి. అతుక్కున్నాక కొన్ని పొరకు తూట్లు పొడుస్తాయి, కొన్ని లోపలికి వెళ్ళి కణం తనంతట తానే చచ్చిపోయేలా చేస్తాయి. కీమో మందుల్లో చాలావరకు విభజన చెందుతున్న ప్రతి కణాన్నీ కొడతాయి. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. పొరలో తేడా చూసి కొట్టే మందు వస్తే ఎంత బాగుంటుందో పెద్దమ్మ నోరు చూసినదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇది ఊహ కాదు. 2009లో తైవాన్‌లో గ్రూపర్ చేప నుంచి వచ్చిన 21 పూసల ఎపినెసిడిన్ అనే పెప్టైడ్‌ను గాజు గిన్నెల్లో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే అవి చచ్చాయి. 2011లో కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్లూరోసిడిన్ కుటుంబపు పెప్టైడ్‌లతో రొమ్ము క్యాన్సర్ కణాలను చంపారు, ఎలుకల్లో పెంచిన గడ్డల్లోకి ఎక్కించి వాటి పెరుగుదలను ఆపగలిగారు. 2015లో పార్డాక్సిన్‌ను కుక్కల్లో మలద్వారం దగ్గర వచ్చే ఒక రకం గడ్డలకు వాడి చూశారు. అవి క్యాన్సర్ కాని మామూలు గడ్డలని గమనించాలి. 2016లో టీపీ4 వంతు వచ్చింది, ట్రిపుల్ నెగెటివ్ కణాల మీద. పెద్దమ్మకు నేను గొప్పగా చెప్పింది ఇదే.

గిన్నెలో కణాలు, ఎలుక, కుక్క. ఈ మాటలే నేను ఫోన్‌లో మింగేశాను. పేపరు వాళ్ళూ మింగేశారు. మనిషి క్యాన్సర్‌కు వాడటానికి అనుమతి పొందిన చేప పెప్టైడ్ మందు ఈ రోజుకు ఒక్కటి కూడా లేదు.

ఇక పులుసు సంగతి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇది అర్థం చేసుకోవడానికి ఎం.ఎస్సీ. కూడా అక్కర్లేదు, తొమ్మిదో తరగతి జీవశాస్త్రం చాలు. జిగురును బూడిదతో తోమి పారబోస్తాం. మిగిలింది నూనెలో, చింతపండు పులుసులో ఉడికిస్తాం. తిన్నాక కడుపులో పెప్సిన్, పేగులో ట్రిప్సిన్ ఆ దండలను పూసపూసగా తెంపేస్తాయి. మాంసమైనా, పప్పైనా, పెప్టైడైనా జీర్ణరసాలకు ఒకటే. లాబ్‌లో వాడింది చేపను పిండి తీసింది కూడా కాదు, యంత్రం మీద పూస తర్వాత పూస గుచ్చి తయారుచేసిన స్వచ్ఛమైన పెప్టైడ్. చేప తింటే మంచి మాంసకృత్తులు వస్తాయి, కీమోలో నీరసించిన మనిషికి అవీ కావాలి. మందు మాత్రం రాదు. ఈ రెండు వాక్యాలు ఆ రోజు చెప్పి ఉంటే నా బస్సేమీ వెళ్ళిపోయేది కాదు.

మరి ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వాలనే చూస్తున్నారు. రక్తంలోకి ఎక్కిస్తే అక్కడి ఎంజైములు కూడా త్వరగానే తెంపేస్తాయి. మోతాదు పెంచితే పార్డాక్సిన్ లాంటివి ఎర్ర రక్తకణాలనే పగలగొడతాయి. సొరను తరిమేదానికి మన రక్తం మీద జాలి ఎందుకుంటుంది? ఇక్కడ మనం గర్వపడే సంగతి ఒకటుంది. హైదరాబాద్ సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ గారి బృందం పార్డాక్సిన్‌లోని మొదటి 18 పూసల ముక్కను తీసుకుని, ఒక్కొక్క పూసా మార్చి చూస్తూ, ఎప్పుడు బ్యాక్టీరియా చస్తుంది, ఎప్పుడు ఎర్రకణం పగులుతుంది అని పరిశీలించి 1996లోనే ప్రచురించింది. అది క్యాన్సర్ మీద చేసిన పని కాదు. అయినా మంచిచెడ్డలు విడదీసే విద్య అదే. కొచ్చిన్‌లోని కుసాట్ విశ్వవిద్యాలయంలోనూ మన తీరపు చేపల పెప్టైడ్‌ల మీద పని జరుగుతోంది. ఉప్పల్ రోడ్డు మీద బస్సులో వెళ్తూ ఆ సీసీఎంబీ గోడ చూసిన వాళ్ళు మన హాస్టల్ నుంచి ఎందరో ఉంటారు. లోపల మోషే చేప ముక్క మీద పని జరిగిందని మనకెవరూ చెప్పలేదు.

కాలం ఎంత పడుతుందో కూడా చెప్పాలి. కప్ప పెప్టైడ్ ఆధారంగా చేసిన పెక్సిగానన్ అనే మందును మధుమేహం వాళ్ళ కాలి పుండ్లకు వాడదామని మనుషుల మీద పరీక్షలన్నీ అయ్యాక, 1999లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇవ్వలేదు. కనిపెట్టి అప్పటికి పన్నెండేళ్ళు. అలాగని దారి మూసుకుపోయిందనీ కాదు. ఆవు పాలలోని ప్రోటీను నుంచి మలిచిన ఎల్‌టీఎక్స్-315 అనే పెప్టైడ్‌ను నేరుగా గడ్డలోకి ఎక్కిస్తూ మనుషుల మీద పరీక్షలు చేశారు. కరీబియన్ సముద్రపు స్పంజిలో దొరికిన పదార్థాల నమూనాతో చేసిన సైటరబిన్ 1969 నుంచి రక్త క్యాన్సర్‌కు వాడుకలో ఉంది. మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపిన కాలంలో అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ వార్డుల్లో ఉంది. మందు వస్తుంది. పేపరులో బొమ్మ పడినంత తొందరగా రాదు.

ఇక్కడ ఒక పక్క మాట. ఎపినెసిడిన్‌ను పరీక్షించిన కణాల్లో హీలా అనే రకం ఒకటి. అది హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి పేరులోని మొదటి అక్షరాలు. పొగాకు పొలాల్లో పని చేసిన కుటుంబం ఆమెది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, ఆమెను అడగకుండా గర్భాశయ ముఖద్వారపు గడ్డ నుంచి తీసిన కణాలు ప్రపంచమంతటా ఈనాటికీ పెరుగుతున్నాయి. ఆమె ఆ ఏడాదే చనిపోయింది. ఆమె పిల్లలకు ఈ సంగతి తెలియడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. సెమినార్‌లో హీలా అన్న మాట నేను పదిసార్లు పలికాను, ఆమె పేరు ఒక్కసారీ చెప్పలేదు. మనలాంటి ఇళ్ళ వాళ్ళ శరీరాలు పరిశోధనకు త్వరగానే అందుతాయి. దాని ఫలితం అందడం, కనీసం దాని సమాచారం మన భాషలో అందడం ఆలస్యమవుతుంది.

పెద్దమ్మ విషయం తెలిశాక నా స్నేహితురాలు ఒకతె, "పల్లెటూరి వాళ్ళంతే, జూన్ వస్తే ఉబ్బసానికి కొర్రమీను పిల్లను మింగడానికి నాంపల్లిలో బారులు తీరతారుగా" అని నవ్వింది. నాకు కోపం వచ్చింది. చేప ప్రసాదానికి శాస్త్రీయ ఆధారం లేదని నేనూ అంటాను. కానీ పెద్దమ్మ వెళ్ళింది మూఢనమ్మకం దగ్గరికి కాదు. పేపరులో వచ్చిన సైన్సును నమ్మింది. సైన్సు చదివిన పిల్లను అడిగి నిర్ధారించుకుంది. ఇంతకన్నా శాస్త్రీయంగా ఒక చదువురాని మనిషి ఏం చేయగలదు? తప్పు జరిగింది జవాబు చెప్పిన చోట.

ఇంకో స్నేహితురాలు ఎదురు వాదన చేసింది. "బాధలో ఉన్నవాళ్ళకు కాస్త ఆశ ఇస్తే తప్పేంటి? అన్నీ విడమరిచి చెప్పి ఆ ఆశ కూడా తీసేస్తావా?" ఈ మాటకు నేను చాలా రోజులు జవాబు వెతుక్కున్నాను. ఆశ వద్దని ఎవరన్నారు? కానీ పెద్దమ్మ చేతిలో అప్పటికే ఒక ఆశ ఉంది. చేదుగా ఉంది, జుట్టు రాల్చేది, అయినా మనుషుల మీద పరీక్షించి నిలిచినది. నేను ఇచ్చిన ఆశ ఆ చేతిలోది కిందపడేలా చేసింది. అది నచ్చజెప్పడానికి మళ్ళీ నేనే వెళ్ళాల్సి వచ్చింది. "అప్పుడట్టా చెప్పావు, ఇప్పుడిట్టా చెబుతున్నావు" అంది పెద్దమ్మ. నా దగ్గర సమాధానం లేదు. "అప్పుడు సగం చెప్పాను" అన్నాను.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన హాస్టల్లో నోటీసు బోర్డు ఉంది. మెస్ మెనూ, పరీక్షల తేదీలు తప్ప అందులో ఏమీ ఉండవు. నెలకొక ఆరోగ్య వార్తను పేపరు నుంచి కత్తిరించి అక్కడ అంటించి, పక్కన తెలుగులో రాద్దాం: దీన్ని దేని మీద పరీక్షించారు, గిన్నెలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? మింగించారా, ఎక్కించారా? ఇప్పుడు ఆసుపత్రిలో దొరుకుతుందా? దొరకకపోతే "దొరకదు" అని పెద్దక్షరాల్లో. నర్సింగ్ చదివిన అక్కలు, లాబ్ టెక్నీషియన్లుగా చేస్తున్న అక్కలు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఇష్టమున్న వాళ్ళ ఫోను నంబర్లు వార్డెన్ గదిలో ఒక పుస్తకంలో రాసి పెడితే, ఇంటి నుంచి ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు పదో తరగతి పిల్ల ఒంటరిగా జవాబు చెప్పుకోనక్కర్లేదు. దీనికి డబ్బు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. నేను మొదటి ఏడాది పాటు ఆ కత్తిరింపులు పంపుతానని ఇక్కడ రాసి ఇస్తున్నాను. మాట తప్పితే వచ్చే సంచికలో నా పేరు వేసి అడగండి.

సెమినార్లు ఇచ్చే తోటి పీజీ వాళ్ళకు కూడా ఒక మాట. మనం తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో సెమినార్ ఇచ్చేసరికి, ఆ గెలుపు మత్తు చాలా రోజులుంటుంది. తప్పు కాదు. కానీ అదే విషయం ఇంటికెళ్ళి అమ్మకు తెలుగులో చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోతామో అక్కడ మనకు అర్థం కాలేదన్నమాట. నేను అమ్మకు కణం పొర గురించి చెప్పబోయి మూడుసార్లు ఆగాను. నాలుగోసారి అమ్మే అంది, "పొలుసు తిరగబడినట్టు, లోపలుండాల్సింది బయటికొచ్చిందంటావు." అంతకన్నా బాగా మా ప్రొఫెసర్ గారు కూడా చెప్పలేదు.

పెద్దమ్మకు కీమో మళ్ళీ మొదలుపెట్టారు, మందు మార్చారు. ఆపరేషన్ అయింది. పనికి ఇంకా వెళ్ళడం లేదు, సంత రోజున మాత్రం వచ్చి అమ్మ పక్కన కూర్చుంటుంది. మానేసిన ఆ ఆరు వారాలు ఎంత నష్టం చేశాయో డాక్టరు గారిని అడిగే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెద్దమ్మే అడిగింది.

"మీ చేప మందు ఎందాకా వచ్చిందే?"

"కుక్కల దాకా వచ్చింది పెద్దమ్మా. అదీ క్యాన్సర్ కాని గడ్డలకు."

"మనదాకా?"

"రాలేదు. ఎప్పుడొస్తుందో కూడా తెలియదు."

"సర్లే" అని, అమ్మ తోమి పెట్టిన శీలావతిని కత్తిపీట మీదికి తీసుకుంది. వచ్చే నెల మొదటి మంగళవారం ఆమెకు స్కానింగ్. నేను సెలవు పెట్టి వెళ్తున్నాను.